హ్యూగో షిఫ్: ఒక రసాయనశాస్త్రవేత్త జీవితము

రసాయనశాస్త్ర విద్యార్థులలో షిఫ్ క్షారముల పేరు విననివారు అరుదు. ఆ పేరుగల మనిషిని ఎరిగినవారు మాత్రము బహుకొద్దిమంది. ఆ కొరత తీర్చుటకై ఆయన జీవితమును సంగ్రహముగా పరిచయము చేయుచున్నాము.

హ్యూగో షిఫ్ 1834 ఏప్రిల్ 26న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున ఒక యూదు కుటుంబములో జన్మించినారు. గోటింగెన్‌లో సుప్రసిద్ధుడైన వోలర్ వద్ద చదివి 1857లో డాక్టరేటు పొందినారు. తన రాజకీయ భావముల కారణముగా స్వదేశమును విడిచి స్విట్జర్లాండు చేరినారు. అచ్చటినుండి 1863లో ఇటలీకి వెళ్ళి, పరాయి భాషలో బోధించుచు ఆ దేశమునే తనదిగా చేసికొన్నారు.

ఆల్డిహైడును, ప్రాథమిక ఎమీనును కలిపినప్పుడు నీటి అణువు తొలగి, కార్బన్, నైట్రోజన్‌ల నడుమ ద్విబంధము ఏర్పడును. పీసాలో పనిచేయుచు 1864లో షిఫ్ ప్రకటించిన క్షారములివే. 1866లో ఆల్డిహైడులను గుర్తించు కారకమును కనుగొన్నారు. గంధకామ్లముతో కాక, సల్ఫర్ డయాక్సైడుతో రంగు పోయిన ఫుక్సిన్, ఆల్డిహైడు తగులగానే మరల ఎర్రబారును. 1924లో ఫాయిల్గెన్ ఆ కారకముతోనే కణకేంద్రములోని డి.ఎన్.ఏ.ను చూపగలిగినారు.

తన క్షారములు లోహములతో కూడు తీరును షిఫ్ 1869 నాటికే పరిశీలించినారు. శాలిసిలాల్డిహైడు నుండి తయారైన క్షారము తన నైట్రోజన్, ఆక్సిజన్ పరమాణువులతో రాగి అయానును రెండువైపుల పట్టుకొనును. ఇట్టి సంక్లిష్టములను నేడు అనేక ప్రయోగశాలలలో సూక్ష్మజీవులపై పరీక్షించుచున్నారు. అగార్ పళ్ళెములో బాక్టీరియా పెరగని వలయమును మిల్లీమీటర్లలో కొలుతురు. పెక్కుమార్లు క్షారముకన్న సంక్లిష్టమే ఎక్కువ ప్రభావము చూపును. లోహము యొక్క ఆవేశము కొంత పంచబడి, సంక్లిష్టము కణత్వచపు కొవ్వుపొరను సులువుగా దాటునని దీనికి వివరణ.

అయితే రాగి లవణము ఒంటరిగానే సూక్ష్మజీవులను చంపగలదు. కనుక లవణమును, ద్రావణిని విడిగా పరీక్షింపనిదే ఆ ఘనత సంక్లిష్టమునకు కట్టరాదు. పళ్ళెములోని వలయము ఔషధము కాదు. మానవకణములకు హాని లేదని తేలవలెను. ఈ జాగ్రత్త లేని ఫలితము రోగికి ఉపకరింపదు.

షిఫ్ 1877లో ట్యూరిన్‌లోను, 1879 నుండి ఫ్లారెన్స్‌లోను ఆచార్యులైనారు. కనిజారో మొదలగువారితో కూడి ఇటలీ రసాయన పత్రికను స్థాపించినారు. సోషలిస్టు భావములను కడవరకు వీడలేదు. 1915 సెప్టెంబరు 8న ఫ్లారెన్స్‌లోనే కన్నుమూసినారు.

తన క్షారములు రోగక్రిములపై పరీక్షలకు వచ్చునని ఆయన ఊహించి యుండరు. ఉన్నది ఉన్నట్లు చూచి, చూచినది ప్రకటించినారు. మన విద్యార్థులు ఆయన నుండి గ్రహింపవలసినది ఇదియేనని మా విశ్వాసము.