ఒకరు విత్తారు, మరొకరు కోశారు: ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ జీవితం

1878 జులై 3. ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ళ దూరంలోని వెల్లంపల్లి వద్ద, గుండ్లకమ్మ నదిలో ఉదయం నుంచి బాప్తిస్మాలు మొదలయ్యాయి. నడి ఎండలో కాసేపు విరామమిచ్చి, మళ్ళీ పొద్దుగూకేదాకా కొనసాగించారు. ఆ ఒక్క రోజున బాప్తిస్మం పొందినవారు 2,222 మంది. ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కో విడతకు ఇద్దరు చొప్పున, నీటిలో నిలబడి ఆ పని నిర్వహించారు. ఈ సంఘానికి బాధ్యుడైన అమెరికన్ మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఆ గౌరవాన్ని తన చేతుల్లోకి తీసుకోలేదు. క్రైస్తవ మిషను చరిత్రలో చిరకాలం చెప్పుకొనే ఆ దినం వెనుక నాలుగు దశాబ్దాల నిరీక్షణ ఉంది. అందులో అధిక భాగం క్లౌది కాదు.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే తెలుగు నేలపై అడుగుపెట్టినది 1836లో. అదే ఏడాది జులై 16న న్యూయార్క్ రాష్ట్రంలోని ఫ్రూస్‌బర్గ్‌లో క్లౌ జన్మించారు. విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల్లో పనిచేసి, 1840లో నెల్లూరు చేరిన డేకు ఫలితం స్వల్పం. 1849లో లైమన్ జ్యూయెట్ వచ్చి ఆయనతో కలిశారు. అయినా విశ్వాసుల సంఖ్య వేళ్ళ మీద లెక్కించదగినదిగానే మిగిలింది. ఈ మిషనును మూసివేయాలా అన్న ప్రశ్న 1853లో అమెరికాలోని మాతృసంస్థ సమావేశం ముందుకు వచ్చింది. పటంలో ఒంటరిగా కనిపించే ఈ కేంద్రాన్ని ఒంటరి నక్షత్రంగా భావిస్తూ శామ్యూల్ స్మిత్ రాసిన కవిత అక్కడివారి మనసు మార్చిందని చెబుతారు. మిషను నిలిచింది. నక్షత్రం పేరూ నిలిచిపోయింది.

మరుసటి ఏడాది, 1854 జనవరి 1 తెల్లవారుజామున, జ్యూయెట్ దంపతులు ముగ్గురు తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలులోని ఒక కొండ ఎక్కి ప్రార్థించారు. ఆ పట్టణానికి ఒక సేవకుణ్ణి పంపమన్నది వారి వేడుకోలు. ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు. వారు కోరిన మనిషి ఒంగోలు చేరడానికి పన్నెండేళ్ళకు పైగా పట్టింది.

ఆ మనిషి క్లౌ. యౌవనంలో ఆయన మిన్నెసోటా ప్రాంతంలో భూముల సర్వే పని చేశారు. ఐయోవాలో చదువుకొంటున్న రోజుల్లో క్రైస్తవ విశ్వాసంలోకి వచ్చారు. 1862 నాటికి మిషనును విడిచిపెట్టాలన్న ఆలోచన మరోసారి తలెత్తగా, అనారోగ్యంతో స్వదేశం వెళ్ళి ఉన్న జ్యూయెట్ దానికి అంగీకరించలేదు. ఎవరూ తోడు రాకపోయినా తిరిగి వెళతానని పట్టుబట్టారు. 1864 చివర ఆయన బోస్టన్ నుంచి ఓడ ఎక్కినప్పుడు, క్లౌ, ఆయన భార్య హారియెట్ వెంట ఉన్నారు. క్లౌ దంపతులు 1866లో ఒంగోలులో స్థిరపడ్డారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘం ఏర్పడింది.

ఆ సంఘం పెరుగుదలకు దారి తీసినది దొరగారి ప్రసంగం కాదు, ఒక తోలు పనివాడి నడక. యర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు. దేవుణ్ణి వెదుకుతూ యోగమార్గంలో కొంతకాలం సాధన చేసినవాడు. కొత్త విశ్వాసాన్ని స్వీకరించాక తాను విన్నదాన్ని పల్లె పల్లెకూ తిరిగి తనవారికి చెప్పాడు. 1867 జనవరిలో క్లౌ అతని ఊరు తలకొండపాడు వెళ్ళేసరికి చుట్టుపక్కల గ్రామాల నుంచి వచ్చినవారు ఎదురుచూస్తున్నారు. వారిలో 28 మంది బాప్తిస్మం పొందారు.

ఇక్కడే క్లౌకు మొదటి పరీక్ష ఎదురైంది. ఒంగోలులో అగ్రకులాల పెద్దలు ఆయన పట్ల ఆదరం చూపారు. తమ పిల్లలను ఆయన బడికి పంపారు. మాదిగలను చేర్చుకొంటే తాము దూరమవుతామని వారు స్పష్టం చేశారు. పలుకుబడి గలవారితో మొదలుపెడితే మిగిలినవారు తరువాత వస్తారన్న ఆశ అప్పటి మిషనరీలలో బలంగా ఉండేది. కలత చెందిన క్లౌ దంపతులు వేర్వేరు గదుల్లో బైబిలు తెరవగా, ఇద్దరికీ కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం కనబడిందని క్లౌ తరువాత వివరించారు. లోకం లెక్కచేయనివారిని దేవుడు ఎన్నుకొన్నాడని చెప్పే భాగమది. మాదిగలను ఆయన కాదనలేదు. అగ్రకులాల విద్యార్థులు బడి విడిచి వెళ్ళారు.

కొత్తగా చేరినవారికి పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. వినడానికి చిన్నవైన ఈ నియమాలు పల్లె కట్టుబాట్లనే తాకాయి. జాతరలో డప్పు కొట్టనన్నవారికి కూలి పోయింది. కొన్నిచోట్ల నీళ్ళకూ అడ్డంకులు కలిగాయి. నమ్మకానికి మూల్యం చెల్లించినవారిలో ముందు వరుసలో ఉన్నది వారే.

1876లో మహాక్షామం మొదలైంది. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని క్లౌ గుత్తకు తీసుకొన్నారు. పాత సర్వే విద్య అక్కరకు వచ్చింది. ఆకలితో వచ్చిన వేలాది మందికి పని, కూలి దొరికాయి. బోధకులే మేస్త్రీలుగా పగలు పని చూసి, విరామవేళల్లో సువార్త చెప్పారు. బాప్తిస్మం కోరేవారి సంఖ్య పెరిగింది. అప్పుడు క్లౌ తీసుకొన్న నిర్ణయం ఆయన జీవితంలో అత్యంత కఠినమైనది. సహాయం అందుతున్నంత కాలం ఎవరినీ చేర్చుకోలేదు. అన్నం కోసం వచ్చారన్న నింద ఆ పేదల మీద పడకూడదనీ, విశ్వాసానికి ధర కట్టినట్లు కాకూడదనీ ఆయన ఉద్దేశం. సంఖ్యలు చూపి పేరు తెచ్చుకొనే అవకాశం చేతిలో ఉండగా, పదిహేను నెలలు ఆగారు.

1878 జూన్‌లో సహాయ కార్యక్రమాలు ముగిసే దశకు రాగా, క్లౌ బోధకులను వెల్లంపల్లికి పిలిచారు. వారి వెంట జనం తరలివచ్చారు. డబ్బు ఇవ్వలేనని చెప్పినా వారు కదలలేదు. తమకు కావలసినది డబ్బు కాదన్నారు. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు రోజుల్లో మొత్తం 3,536 మంది బాప్తిస్మం పొందారు. ఏడాది ముగిసేసరికి ఆ సంఖ్య 9,606కు చేరింది. ఎనిమిది మందితో మొదలైన ఒంగోలు సంఘంలో సభ్యులు 12 వేలు దాటారు.

క్లౌ 1910 నవంబరు 24న అమెరికాలోని రోచెస్టర్‌లో మరణించారు. ఒంగోలులో ఆయన పేరిట వెలసిన ఆసుపత్రి, జ్యూయెట్ పేరిట నిర్మించిన దేవాలయం ఆ కాలాన్ని గుర్తుచేస్తాయి. తొలి విత్తనం వేసిన డే మాత్రం ఈ పంట చూడలేదు. ఆయన 1871లోనే కన్నుమూశారు.

ద్రాక్షతోటలో పొద్దున వచ్చినవారికీ, పొద్దువాలాక వచ్చినవారికీ యజమాని ఒకే కూలి ఇచ్చాడన్న ఉపమానం సువార్తలో ఉంది. కొలత పనిగంటలది కాదు, ఇచ్చేవాడి ఔదార్యానిది. ఫలితం కనబడకుండానే ఏళ్ళ తరబడి శ్రమించిన డే, తిరిగి రావడానికి వెనుదీయని జ్యూయెట్, కాలినడకన ఊళ్ళు తిరిగిన పేరయ్య, కూలి పోయినా మాట తప్పని పేరు తెలియని పల్లె జనం, వీరందరి తరువాత వచ్చినవాడు క్లౌ. గుండ్లకమ్మ గట్టున ఆయన వెనక్కి తగ్గి నిలబడటంలో ఆ ఎరుక కనబడుతుంది. ఆనాటి ప్రతిఫలం ఒక్కరి ఖాతాలో వేసుకోదగినది కాదు.