గిడుగు రామమూర్తి: వాడుక భాషే కాదు.. పిల్లలకు చదవడం, రాయడం ఎలా నేర్పాలో వందేళ్ల కిందటే చూపించిన మాస్టారు

కొలిమిగుండ్ల (నంద్యాల జిల్లా): ఆగస్టు 29 వచ్చిందంటే ప్రతి బడిలోనూ తెలుగు భాషా దినోత్సవం జరుగుతుంది. గిడుగు వెంకట రామమూర్తి ఫొటోకి దండ వేస్తారు, పిల్లలు పద్యాలు చెబుతారు, ప్రైజులు ఇస్తారు. వాడుక భాషా ఉద్యమ పితామహుడు అని ఒక్క లైన్‌లో ఆయన్ని పరిచయం చేసేసి ప్రోగ్రాం ముగిస్తారు. కానీ ఆయన మొదట ఉద్యమకారుడు కాదు, ఓ బడి పంతులు. పిల్లలకు ఏ భాషలో చెబితే చదువు ఎక్కుతుందన్నదే ఆయన అసలు ప్రశ్న. దానికి జవాబు వెతుకుతూ కొండలెక్కి, జ్వరాల పాలై, చివరికి వినికిడి కూడా పోగొట్టుకున్నారు. ఆ కథేంటో చూద్దాం.

12 ఏళ్లకే తండ్రి దూరం

గిడుగు 1863 ఆగస్టు 29న పర్వతాలపేటలో పుట్టారు. శ్రీకాకుళం వైపు, వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం దగ్గర ఉండే చిన్న ఊరు అది. తండ్రి వీర్రాజు, తల్లి వెంకమ్మ. తండ్రి చోడవరంలో రెవెన్యూ ఉద్యోగం చేసేవారు. 1875లో ఆయన జ్వరంతో చనిపోయారు. అప్పటికి రామమూర్తికి 12 ఏళ్లు. ఆ తర్వాత విజయనగరంలో బంధువుల ఇంట్లో ఉంటూ మహారాజా వారి స్కూల్లో చదువుకున్నారు. తర్వాతి రోజుల్లో కన్యాశుల్కం రాసిన గురజాడ అప్పారావు అక్కడ ఆయనకు క్లాస్‌మేట్. ఇద్దరి స్నేహం చివరి వరకు కొనసాగింది.

1879లో మెట్రిక్ పాసయ్యారు. ఇంటి పరిస్థితి కాలేజీకి పోనివ్వలేదు. 1880లో పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో టీచర్‌గా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1894లో బీఏ పూర్తి చేశారు. అంటే డిగ్రీ కోసం 15 ఏళ్లు పట్టిందన్నమాట.

ఈ మధ్యలోనే ఇంకో పని కూడా పెట్టుకున్నారు. ముఖలింగం గుడి గోడల మీద శాసనాలు కనిపిస్తే, ఎవరూ నేర్పకుండానే పాత లిపిని చదవడం నేర్చుకున్నారు. రాతకీ మాటకీ ఉన్న సంబంధం మీద ఆయనకు మొదటి నుంచీ ఆసక్తి ఉందని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

సవర పిల్లల కోసం..

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉంటారు. వాళ్ల భాషకు, తెలుగుకు చుట్టరికం లేదు. తెలుగు ద్రావిడ భాష, సవర ముండా కుటుంబానికి చెందిన భాష. ఆ భాషకు అప్పట్లో లిపి లేదు, పుస్తకాలు లేవు. సవర పిల్లాడు బడికి వస్తే టీచర్ మాట అర్థం కాదు, పుస్తకం అంతకన్నా అర్థం కాదు.

ఇక్కడ గిడుగు చేసిన పని చూస్తే ఈ రోజుల్లో ఫీల్డ్ రీసెర్చ్ అంటే ఏంటో అర్థమవుతుంది. సవర భాష తెలిసిన ఓ మనిషిని ఇంట్లోనే ఉంచుకుని మాట మాటగా నేర్చుకున్నారు. సవర పల్లెలకు వెళ్లారు. పాటలు, కథలు, పలుకుబడులు విని రాసుకున్నారు. ఇలా ఏళ్ల తరబడి సాగింది. ఆ తర్వాత సవర భాషలోనే పిల్లల కోసం పుస్తకాలు తయారు చేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, వాళ్ల భాషలోనే పాఠాలు చెప్పించారు.

వరుస గమనించండి. ముందు పిల్లల భాష తను నేర్చుకున్నారు. తర్వాత దాని ధ్వనులను పట్టుకున్నారు. ఆ తర్వాత ఆ ధ్వనులకు అక్షరాలు చూసుకున్నారు. పుస్తకం వచ్చింది చివర్లో. మన బడుల్లో జరిగేది సాధారణంగా దీనికి రివర్స్. పుస్తకం ముందు వస్తుంది, పిల్లలే దాని దగ్గరికి నడవాలి.

ఈ పనికి ఆయన కట్టిన మూల్యం చిన్నది కాదు. మన్యంలో తిరిగినప్పుడు మలేరియా పట్టుకుంది. క్వినైన్ వాడి వాడి వినికిడి దెబ్బతింది. ధ్వనుల మీద పనిచేసే మనిషికి చెవులే పోవడం ఎంత పెద్ద దెబ్బో ఊహించుకోవచ్చు. అయినా పని ఆపలేదు. 1913లో ప్రభుత్వం బిరుదుతో గౌరవించింది. 1931లో సవర భాష మాన్యువల్‌ను మద్రాసు ప్రభుత్వం అచ్చేసింది. ఆ తర్వాత నిఘంటువులు కూడా వచ్చాయి.

ఒక ఇన్‌స్పెక్టర్ అడిగిన ప్రశ్న

1906లో కథ మలుపు తిరిగింది. జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లిష్ అధికారి ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టర్‌గా వచ్చారు. తెలుగు క్లాసులు చూశాక ఆయనకు ఓ డౌట్ వచ్చింది. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల్లో తెలుగు ఇంకొకటి.. ఇదేంటి? పిల్లలకు ఈ రెండో భాష ఎందుకు నేర్పుతున్నారు? విశాఖ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, గురజాడ, గిడుగు ఈ ప్రశ్న మీద కలిశారు.

అసలు సమస్య ఏంటంటే.. పరవస్తు చిన్నయ సూరి నీతిచంద్రిక 1853లో వచ్చింది. దాని గద్యమే స్కూలు పుస్తకాలకు మోడల్ అయింది. పిల్లలు ఇంట్లో ఎవరూ మాట్లాడని, బజారులో ఎక్కడా వినపడని భాషలో చదవాలి. పరీక్షలోనూ అదే భాషలో రాయాలి. దాంతో తెలుగు క్లాసు అంటే ప్రతిపదార్థం చెప్పడం, బట్టీ పట్టించడం అన్నట్టు తయారైంది. సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే తప్పులు వస్తాయేమోనన్న భయం.

సవర బడుల్లో గిడుగు చూసింది ఇదే. కాకపోతే అక్కడ రెండు వేర్వేరు భాషలు, ఇక్కడ ఒకే భాషలో రెండు రూపాలు. సవర పిల్లాడికి తెలుగు ఎలాగో, తెలుగు పిల్లాడికి గ్రాంథికం అలాగే ఉందని ఆయనకు అర్థమైంది. భాషను ముందు చెవితో, నోటితో నేర్చుకోవాలి, చదవడం రాయడం దాని మీద కట్టాలి అన్నది ఆయన పట్టుకున్న సూత్రం.

గెలిచినట్టే గెలిచి..

1910 దాటాక స్కూలు ఫైనల్ పరీక్షల్లో వ్యాసాలు వాడుక భాషలోనూ రాయొచ్చన్న వెసులుబాటు వచ్చింది. వెంటనే గొడవ మొదలైంది. జయంతి రామయ్య పంతులు ముందుండగా పండితులు గట్టిగా వ్యతిరేకించారు. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు వాళ్లకు వేదిక అయింది. సభలు, తీర్మానాలు, పత్రికల్లో వాదాలు.. మామూలుగా జరగలేదు.

వాళ్ల వాదనను తేలిగ్గా తీసేయడానికి లేదు. జిల్లాకో మాండలికం ఉన్నప్పుడు పుస్తకం ఎవరి మాటలో రాయాలి? వాడుకలోకి దిగితే పాత కావ్యాలు పిల్లలకు దూరం కావా? ఇవి నిజమైన ప్రశ్నలే.

గిడుగు జవాబు ఆవేశంతో కాదు, ఆధారాలతో ఇచ్చారు. 1913లో ఆధునిక తెలుగు మీద ఇంగ్లిష్‌లో ఓ మెమొరాండం రాశారు. పాత కవుల నుంచి, శాసనాల నుంచి, గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల సొంత పుస్తకాల నుంచి ఉదాహరణలు పోగేశారు. గ్రాంథికంలో తప్పు లేకుండా రాయడం పండితుల వల్లే కావట్లేదని లెక్కలు తీసి చూపించారు. పండితుల వల్లే కానిది పదేళ్ల పిల్లాడి నుంచి ఎలా ఆశిస్తారన్నది ఆయన పాయింట్. ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం, బాలకవి శరణ్యం, గద్య చింతామణి ఇలా వచ్చిన పుస్తకాలే. పుస్తకాల కట్టలు వెంటేసుకుని సభలకు వెళ్లి గంటల తరబడి మాట్లాడేవారు.

కానీ యూనివర్సిటీ నిర్ణయం గ్రాంథికం వైపే వెళ్లింది. గురజాడ 1914లో తన అసమ్మతి పత్రాన్ని ఇచ్చారు, మరుసటి ఏడాదే కన్నుమూశారు. 1919 ఫిబ్రవరిలో రాజమండ్రిలో వీరేశలింగం అధ్యక్షుడిగా, గిడుగు కార్యదర్శిగా వాడుక భాష కోసం ఓ సమాజం ఏర్పడింది. మే నెలలో వీరేశలింగం కూడా పోయారు. అదే ఏడాది గిడుగు తెలుగు అనే పత్రిక మొదలుపెట్టారు. అదీ ఎక్కువ కాలం నడవలేదు. తోటివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటే, చెవులు సరిగా వినపడని ఆ పెద్దాయన పోరాటం మాత్రం ఆపలేదు.

ఊరు వదిలేసిన రోజు

1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. పర్లాకిమిడి అటువైపు వెళ్లింది. గిడుగు అప్పటికి అక్కడ యాభై ఏళ్లకు పైగా ఉన్నారు. ఈ నిర్ణయాన్ని వ్యతిరేకించి, 70 ఏళ్లు దాటిన వయసులో ఆ ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. 1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర ఆఫీసులో పత్రికల ఎడిటర్లను కలిసి వాడుక భాషను నిలబెట్టమని విజ్ఞప్తి చేశారు. సరిగ్గా వారానికి, జనవరి 22న తుదిశ్వాస విడిచారు.

పత్రికలు, కథలు, సినిమాలు ఆయన దారిలోనే నడిచాయి. మీరు ఇప్పుడు చదువుతున్న ఈ వార్త భాష కూడా ఆ పోరాటం పెట్టిన భిక్షే. యూనివర్సిటీల్లో మార్పుకు మాత్రం 1960ల చివరి వరకు ఆగాల్సి వచ్చింది.

రీసెర్చ్ ఏం చెబుతోంది?

గిడుగు చనిపోయిన 13 ఏళ్లకు, 1953లో యునెస్కో ఓ రిపోర్ట్ ఇచ్చింది. పిల్లలకు చదువు మొదలుపెట్టడానికి మాతృభాషే మంచి మాధ్యమం అని అందులో ఉంది. 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చదవడాన్ని సింపుల్‌గా వివరించారు. అక్షరాన్ని ధ్వనిగా మార్చగలగడం ఒకటి, విన్న భాష అర్థం కావడం రెండోది. చదివి అర్థం చేసుకోవడమంటే ఈ రెండింటి గుణకారం. ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నానే.

తెలుగుకు ఇది అచ్చంగా సరిపోతుంది. మన అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపితే పిల్లలు గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. వాటిని వరుసగా, పద్ధతిగా నేర్పాల్సిందే. వాడుక భాష వచ్చినంత మాత్రాన అక్షరాలు వాటంతట అవే రావు. అలాగని గుణింతం మొత్తం గడగడా చదివే పిల్లాడికి వాక్యం అర్థం కాకపోతే అది చదువు కాదు. గిడుగు పోరాడింది ఈ రెండో సగం కోసం.

2000 దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కోయ, గోండి, కొలామీ, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా భాషల్లో గిరిజన పిల్లలకు పాఠాలు మొదలయ్యాయి. ముందు ఇంటి భాష, తర్వాత నెమ్మదిగా తెలుగు. గిడుగు సవర కొండల్లో చేసింది ఇదే. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలో చెప్పాలంటోంది.

మరి మన సీమ పిల్లల సంగతి?

ఇక్కడే ఓ పేచీ ఉంది. గిడుగు కోరింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవాళ్ల మాట. ఆచరణలో అది ఎక్కువగా కోస్తా జిల్లాల మాట అయింది. కొలిమిగుండ్లలో పిల్లాడు ఎక్కడ అనడు, యాడ అంటాడు. వేరుశనగ అంటే కొంచెం ఆలోచిస్తాడు, చెనిక్కాయలు అంటే టక్కున చెబుతాడు. సుగాలీ తండా నుంచి వచ్చే పాపకు, ఇంట్లో ఉర్దూ మాట్లాడే బాబుకు దూరం ఇంకా ఎక్కువ. పండితులు అప్పట్లో అడిగిన ప్రశ్న, పుస్తకం ఎవరి మాటలో ఉండాలన్నది, ఇలా మన ముందే ఉంది.

దీనికి కొత్త పుస్తకం కోసం ఎదురుచూడాల్సిన పనిలేదు. యాడ అన్న పిల్లాడి నోరు మూయించకుండా, నువ్వన్నదీ తెలుగే, పుస్తకంలో ఇలా రాస్తారు అని రెండూ పక్కపక్కన బోర్డు మీద రాస్తే చాలు. నాపరాళ్ల గనులు, బెలుం గుహలు, ఇంట్లో సంగటి.. పిల్లలు వీటి గురించి ముందు మాట్లాడాలి. వాళ్లు చెప్పిన వాక్యాలనే టీచర్ రాసి, వాళ్లతోనే చదివించాలి. పేరెంట్స్ కూడా ఇంట్లో రోజూ ఓ కథ చెప్పి, దాన్నే పిల్లలతో మళ్లీ చెప్పించొచ్చు. పైసా ఖర్చు లేదు.

ఈసారి ఆగస్టు 29న గిడుగు ఫొటోకి దండ వేశాక, క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడితో వాడి ఇంటి మాటలో నాలుగు ముక్కలు మాట్లాడించి, అవే రాయించండి. ఆ మాస్టారు జీవితమంతా అడిగింది అదే.