గాలికొరకు కనిపెట్టిన నావికుడు

ఈ మాసము మేము చదువరుల యెదుట ఉంచుచున్నది దైవసేవకుని చరిత్ర కాదు, ఒక ఓడ కప్తానుని చరిత్ర. ఆయన పేరు జాషువా స్లోకం. తెరచాప పడవమీద ఒంటరిగా భూగోళమును చుట్టివచ్చిన మొదటి మనుష్యుడని లోకము ఆయనను ఎరుగును. అయితే ఆయన ఎంత దూరము పోయెనను దానికంటె, పోవుటకు వీలులేని దినములలో ఎట్లు ఆగియుండెనను సంగతియే మాకు ఎక్కువ వింతగా తోచినది.

స్లోకం 1844 ఫిబ్రవరి 20న కెనడాలోని నోవాస్కోషియాలో పుట్టెను. తండ్రి తోలు బూట్లు కుట్టించువాడు, కఠినుడు. పిల్లవాడు దాచుకొని చెక్కుకొనిన చిన్న ఓడబొమ్మను అతడు పగులగొట్టెనని చెప్పుదురు. బొమ్మ పగిలినను సముద్రముమీది ఆశ పగులలేదు. చిన్నతనముననే ఇల్లువిడిచి, నావికుడై, క్రమముగా పెద్ద ఓడలకు కప్తానాయెను. భార్య వర్జీనియా ఆయనతోకూడ ఓడలోనే కాపురముండెను. 1884లో ఆమె బ్యూనస్ ఏరీస్ రేవున మరణించెను. 1887లో ఆయన ఓడయు బ్రెజిలు తీరమున బ్రద్దలాయెను. అప్పటికే పొగయోడలు వచ్చి తెరచాప కప్తానులకు పని లేకుండ చేసినవి.

అట్టి దినములలో ఒక స్నేహితుడు ఆయనకు ఒక పడవ నిచ్చెను. అమెరికాలోని ఫెయిర్‌హేవెన్ అను ఊరిలో, ఒక పొలములో, గుడ్డ కప్పబడి పడియున్న పాత పడవ అది. ఆ ఊరి పేరునకు మంచిరేవు అని అర్థము. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము చదివినవారికి ఆ పేరు వినగానే మరియొక రేవు జ్ఞాపకము వచ్చును. స్లోకం తన చేతులతోనే 13 నెలలు పనిచేసి, 553 డాలర్ల ఖర్చుతో దానిని క్రొత్తదిగా కట్టి, స్ప్రే అను పేరుతోనే నీటిలో దించెను. దాని పొడవు 37 అడుగులకు కొంచెము తక్కువ. 1895 ఏప్రిల్ 24న బోస్టను విడిచెను. దారిలో కొనిన గడియారము ఒక డాలరుది, దాని ముఖము పగిలియున్నది. ఇంతటి నావికునికి ఈత రాదని చెప్పిన మన కోస్తాలో వేటకు పోవువారు నవ్వుదురేమో!

మొదట తూర్పుదారిని పోదలచెను గాని, మధ్యధరా సముద్రమున దొంగల భయమున్నదని జిబ్రాల్టరులోని అధికారులు హెచ్చరించగా పడవను త్రిప్పి దక్షిణమునకు సాగెను. 1896 ఫిబ్రవరి 11న దక్షిణ అమెరికా కొనయందలి మాగెల్లాన్ జలసంధి ముఖద్వారమునకు చేరెను. అది సుమారు 350 మైళ్ల ఇరుకు దారి. ఇరుప్రక్కల మంచుకొండలు. అక్కడ గాలి సాధారణముగా పడమటినుండియే వీచును, పోవలసినదియు పడమటికే. పైగా కొండలమీదనుండి గాలి ముద్దలు ముద్దలుగా విరుచుకొనిపడి, లంగరువేసిన పడవను సహితము ప్రక్కకు వాల్చివేయును. ప్రవేశించిన దినముననే తుపాను ఆయనను 30 గంటలు వేధించెను.

పుంటా అరెనాస్ అను ఊరిలో ఒక కప్తాను ఆయనకు తివాచీలకు కొట్టు చిన్న మేకుల సంచి యొకటి ఇచ్చి, రాత్రి పండుకొనునప్పుడు వాటిని పడవ పైతట్టున చల్లుకొమ్మని నేర్పెను. కొన్ని రాత్రులైన తరువాత అర్ధరాత్రివేళ ఆ దేశవాసులు కొందరు వట్టికాళ్లతో పడవ ఎక్కి, మేకులు గ్రుచ్చుకొనగా కేకలువేయుచు తమ దోనెలలోనికిని నీళ్లలోనికిని దుమికిరి. స్లోకం దీనిని వేడుకగా వ్రాసికొనెను. మేము మాత్రము అంత వేడుకగా చెప్పజాలము. గొఱ్ఱెల మందలతో వచ్చిన పరదేశులవలనను, వారు తెచ్చిన రోగములవలనను ఆ దినములలోనే ఆ జనములు నశించిపోవుచుండిరి.

మార్చి 3న ఆయన జలసంధిని దాటి పసిఫిక్ సముద్రములో ప్రవేశించెను. ప్రయాసము తీరినదనుకొనునంతలో వాయవ్యమునుండి పెనుగాలి లేచి, పెద్ద తెరచాపను చింపి పీలికలుచేసి, పడవను నాలుగు దినములు దక్షిణమునకు తరిమెను. రాత్రి చీకటిలో నురుగులు క్రక్కు బండలమధ్య చిక్కుకొని, తెల్లవారువరకు అటునిటు త్రిప్పుకొనుచు, ఎట్లో బ్రదికి, వేరొక పాయగుండ మరల ఆ జలసంధిలోనికే వచ్చి పడెను. నడచిన దారి యంతయు మరల నడువవలసివచ్చెను.

ఈసారి ఆయన పోర్టు అంగోస్టో అను చిన్న రేవున ఆగెను. అక్కడినుండి సముద్రము దగ్గరే. కాని బయటికి పోయిన పిమ్మట, పడవ తీరపు బండలకు దూరముగా పోవువరకు గాలి అనుకూలముగా నిలువవలెను. మధ్యలో తిరిగెనా, బండలపాలే. కాబట్టి లంగరెత్తి బయలుదేరుట, గాలి మారగానే మరల వచ్చి అదే రేవున లంగరు వేయుట. ఇట్లు ఆరుసార్లు జరిగెను. తొలకరికి దుక్కి దున్ని మబ్బువైపు చూచు రైతునకు ఇది చెప్పనక్కరలేదు. పౌలు ప్రయాణములో శతాధిపతి ఓడవారి మాట నమ్మి రేవు విడిచెను. ఇక్కడ వినవలసినవాడును చెప్పవలసినవాడును ఒక్కడే. తిరిగి రమ్మని ఆయనను ఆజ్ఞాపించువారు లేరు, తిరిగి వచ్చినందుకు నవ్వువారును లేరు. ఈ రెండవది ఆయనకు మేలాయెనని మా తలంపు.

ఆ దినములలో ఆయన ఊరక కూర్చుండలేదు. చినిగిన తెరచాపలను సూది దారములతో కుట్టెను. కట్టెలు కొట్టెను, నీళ్లు నింపెను. అంతకుముందు ఒకచోట ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన క్రొవ్వు పీపాలను దొర్లించుకొని పడవలో వేసికొనియుండెను. ఏప్రిల్ 13న ఏడవసారి లంగరెత్తెను, ఆ సారి బయటపడెను. జలసంధిలో ప్రవేశించి అప్పటికి రెండు నెలలు దాటినవి. ఆ మాసాంతమునకు హ్వాన్ ఫెర్నాండెజ్ దీవి చేరి, ఆ క్రొవ్వులో పిండివంటలు వేయించి దీవివారికి నేర్పి, క్రొవ్వును అమ్మి పాత నాణెములు సంపాదించెను.

1897లో మారిషసు దీవిలోను ఇట్లే ఆగెను. గుడ్ హోప్ అగ్రమువద్ద చలికాలపు తుపానులు తగ్గువరకు, సెప్టెంబరు 19 మొదలు అక్టోబరు 26 వరకు, అక్కడనే నిలిచెను. చెరకుతోటల కూలికి పోయిన మన తెలుగువారు అప్పటికే ఆ దీవిలో కాపురముండిరి. 1898 జూన్ 27న, 46,000 మైళ్లు చుట్టి, అమెరికాలోని న్యూపోర్టు రేవు చేరెను. 1900లో ఆయన ప్రయాణగ్రంథము పుస్తకముగా వెలువడెను.

తరువాత కొన్ని సంవత్సరములు చలికాలమందు దక్షిణపు వెచ్చని దీవులకు పోవుచు వచ్చుచు నుండెను. అరువదియేండ్లు దాటిన పిమ్మట ఒక నవంబరు మాసమున అదే పడవలో ఒంటరిగా దక్షిణమునకు బయలుదేరి మరల కనబడలేదు. 1924లో ఆయన మరణించినట్లు న్యాయస్థానము తీర్మానించెను. స్ప్రే పడవ దొరకలేదు.