రాత్రి పోర్టరు, పగలు విద్యార్థి: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు



వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని వార్డెన్ గారు అడిగినప్పుడు నాకు వెంటనే మన పక్క ఊరి మనిషి గుర్తుకొచ్చారు. పాలకొల్లు స్టేషన్లో భీమవరం వైపు రైలెక్కితే లంకలకోడేరు, వీరవాసరం దాటి గంటలోపే ఆయన పుట్టిన ఊళ్లో దిగుతాం. వారానికోసారి మీకిచ్చే నీలం రంగు ఐరన్ మాత్రలో ఫోలిక్ ఆసిడ్ ఉంటుంది. బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు ఎదురుగా నిలబడి మింగించే మాత్ర పేరు డీఈసీ. ఈ రెండింటి వెనకా ఉన్నది డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో చేరేదాకా ఈ సంగతి నాకు తెలియదు. మీకు నాకంటే ముందే తెలియాలని ఇది రాస్తున్నాను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు సంతానంలో ఈయన నాలుగోవారు. ఇంట్లో ఇబ్బందులు ఎక్కువ. పదమూడేళ్ల వయసులో ఎవరికీ చెప్పకుండా కాశీకి బయల్దేరారు. అక్కడ యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఆలోచన. తల్లి వెనక్కి రప్పించి రాజమండ్రిలో బడికి పంపింది. మెట్రిక్యులేషన్ మొదటిసారి తప్పారు. రెండోసారీ తప్పారు. చివరికి మద్రాసు హిందూ హైస్కూల్లో చదివి మూడోసారి గట్టెక్కారు.

ఈ మాట మన హాస్టల్లో కాస్త గట్టిగా చెప్పుకోవాలి. నేనూ ఇంటర్ మొదటి సంవత్సరంలో ఫిజిక్స్ తప్పాను. ఆ వేసవంతా నాన్నతో పాటు చేపల చెరువు పనికి వెళ్లాను. ఇంక చదువు మన వల్ల కాదని నిశ్చయించుకున్నాను. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసినవారు ఎవరూ లేరు కాబట్టి, తప్పితే మళ్లీ రాయవచ్చని చెప్పేవారు కూడా లేకపోయారు. ఆ మాట చెప్పింది ఈ హాస్టల్లోని ఒక సీనియర్ అన్న.

సుబ్బారావు గారు మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ చదివారు. ఆ రోజుల్లో రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం తీసుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. మఠం వారి సలహా మీద మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి కుమార్తె శేషగిరి గారితో వివాహమైంది. స్వదేశీ ఉద్యమ ప్రభావంతో ఖద్దరు కట్టుకుని కాలేజీకి వెళితే తెల్లదొర అయిన శస్త్రచికిత్స ప్రొఫెసరుకు కోపం వచ్చింది. అందువల్ల పూర్తి ఎంబీబీఎస్ డిగ్రీ దక్కక, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

దానికంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. స్ప్రూ అనే జబ్బుకు ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం తగ్గిపోయి మనిషి క్షీణించిపోయే జబ్బు అది. ఆయనకు కూడా ఆ జబ్బు వచ్చింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. ఆ తరువాత లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. సోదరులను తీసుకుపోయిన జబ్బు ఏమిటో, ఎందుకు వస్తుందో తెలుసుకోవాలనే తపన మాత్రం ఆయనను వదలలేదు.

అమెరికా వెళ్లడానికి మామగారు డబ్బు సమకూర్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది. 1922 అక్టోబరు 26న ఆయన బోస్టన్ చేరారు. హార్వర్డులో ఉష్ణమండల వైద్యం డిప్లొమాలో చేరారు కానీ ఉపకార వేతనం దొరకలేదు. పొట్ట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగామ్ అనే ఆస్పత్రిలో రాత్రి పోర్టరుగా కుదిరారు. మద్రాసులో వైద్యం చదివిన మనిషి అక్కడ రాత్రిళ్లు రోగుల బెడ్‌పాన్లు, మూత్రపాత్రలు కడిగేవారు. తెల్లవారితే తరగతికి వెళ్లేవారు. ఈ ఆస్పత్రి పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వద్దాం.

డిప్లొమా తరువాత హార్వర్డు బయోకెమిస్ట్రీ విభాగంలో చేరారు. దానికి అధిపతి ఆటో ఫోలిన్. మూత్రంలో, రక్తంలో క్రియాటినిన్ కొలిచే పద్ధతిని వైద్య పరీక్షల్లోకి తెచ్చినవారిలో ముఖ్యుడు. ఈ రోజుకూ కిడ్నీ ఎలా పనిచేస్తోందో చూడడానికి మొదట చేసే పరీక్ష అదే. అక్కడ సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి సుబ్బారావు గారు రక్తంలో, మూత్రంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టారు. అది 1925లో అచ్చయింది. నమూనాలోని మాంసకృత్తులను ముందు తొలగిస్తారు. తరువాత ఆమ్లంలో మాలిబ్డేటు కలిపితే అది భాస్వరంతో జతకడుతుంది. ఇంకో రసాయనం వేస్తే నీలం రంగు తేలుతుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో దీన్ని ఇప్పటికీ బయోకెమిస్ట్రీ విద్యార్థుల చేత ప్రాక్టికల్స్‌లో చేయిస్తారు. నేను మొదటిసారి చేసినప్పుడు పరీక్షనాళికలో ఆ నీలం రంగు, రికార్డు పుస్తకంలో మన భీమవరం మనిషి పేరు చూసి కాసేపు కదలలేకపోయాను.

ఆ కొలతతోనే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం దొరికింది. 1929లో ఏటీపీ దొరికింది. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనిపెట్టాడు. ప్రతి జీవకణం పనిచేయడానికి శక్తిని అందించే పదార్థం ఇదే. 1930లో సుబ్బారావు గారికి పీహెచ్‌డీ వచ్చింది. ఇంత చేసినా హార్వర్డు ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లిపోయారు. త్వరలోనే అక్కడి పరిశోధనకు డైరెక్టరయ్యారు.

అక్కడ ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆసిడ్‌ను వేరుచేసి, కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ జబ్బులో వచ్చే రక్తహీనతకు అది మందయింది. సోదరులు పోయిన పాతికేళ్లకు దొరికిన సమాధానం అది. ఫోలిక్ ఆసిడ్‌కు వ్యతిరేకంగా పనిచేసే అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1947–48లో రక్త కేన్సర్ పిల్లలకు మొదటిసారి కొంతకాలం ఉపశమనం తేగలిగాడు. దాని తరువాత వచ్చిన మెథోట్రెక్సేటును నేటికీ కేన్సర్‌కు, కీళ్లవాతానికి వాడుతున్నారు. 1947లో బోదకాలు మందు డీఈసీ వచ్చింది. 1948లో ఆయన బృందంలోని బెంజమిన్ డుగ్గర్ తాను కనిపెట్టిన మొదటి టెట్రాసైక్లిన్ మందు ఆరియోమైసిన్‌ను లోకానికి ప్రకటించాడు. అదే సంవత్సరం ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు గారు నిద్రలోనే గుండెపోటుతో మరణించారు. 1922లో ఓడెక్కిన మనిషి మళ్లీ ఇంటికి రాలేదు. శేషగిరి గారు భర్తను మళ్లీ చూడలేదు. విజయగాథల్లో ఈ మాట దాటేస్తారు. దాటేయకూడదని నా అభిప్రాయం.

ఇప్పుడు ఆ ఆస్పత్రి దగ్గరికి వద్దాం. ఆయన పోయిన ఆరేళ్లకు, 1954 డిసెంబరు 23న, అదే పీటర్ బెంట్ బ్రిగామ్ ఆస్పత్రిలో జోసెఫ్ ముర్రే బృందం కవల సోదరుల్లో ఒకరి కిడ్నీ తీసి ఇంకొకరికి అమర్చింది. ప్రపంచంలో విజయవంతమైన మొదటి కిడ్నీ మార్పిడి అదే. అచ్చుగుద్దినట్టుండే కవలలు కాబట్టి ఒళ్లు ఆ కిడ్నీని తిప్పికొట్టలేదు. మిగిలినవారికి అలా కుదరాలంటే రోగనిరోధక శక్తిని అణచే మందు కావాలి. ఆ మందు అజథయోప్రిన్. దాన్ని తయారుచేసినవారు జార్జ్ హిచింగ్స్, గెర్‌ట్రూడ్ ఎలియన్. 1962లో ముర్రే అదే ఆస్పత్రిలో ఆ మందుతో, చనిపోయిన వ్యక్తి కిడ్నీని పరాయి మనిషికి అమర్చి నిలబెట్టాడు. హిచింగ్స్ ఎవరో కాదు, హార్వర్డులో సుబ్బారావు గారున్న విభాగంలోనే చదువుకున్నవాడు. ఫిస్కే అసూయ వల్ల సుబ్బారావు గారి పరిశోధనలు కొన్ని వెలుగులోకి రాలేదని, తరువాత ఇతరులు వాటిని మళ్లీ కనిపెట్టవలసి వచ్చిందని ఆయన చెప్పారు. హిచింగ్స్, ఎలియన్లకు 1988లో, ముర్రేకు 1990లో నోబెల్ వచ్చింది.

నిరోధక శక్తిని అణిస్తే ఇంకో ప్రమాదం మొదలవుతుంది. మనలో చాలామంది ఒంట్లో చిన్నప్పటినుంచీ సైటోమెగలో వైరస్, బీకే వైరస్ వంటివి నిద్రపోతుంటాయి. ఆరోగ్యవంతుణ్ణి అవి ఏమీ చేయవు. కిడ్నీ మార్పిడి అయినవారిలో మాత్రం లేచి కూర్చుంటాయి. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఒక ఆస్పత్రి లేబరేటరీలో చేశాను. అక్కడ ఒక కుర్రాడికి తల్లి కిడ్నీ ఇచ్చింది. కొన్ని నెలలకు క్రియాటినిన్ పెరిగింది. ఒళ్లు కిడ్నీని తిప్పికొట్టడం వల్ల పెరిగితే, అణచే మందు పెంచాలి. బీకే వైరస్ వల్ల పెరిగితే, అదే మందు తగ్గించాలి. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. పొరపాటు పడితే తల్లి ఇచ్చిన కిడ్నీ పోతుంది.

ఇక్కడ యాంటీబాడీ పరీక్ష చాలదు. అది వైరస్ ఎప్పుడో ఒకప్పుడు సోకిందని చెబుతుందే గాని ఇప్పుడు పెరుగుతోందో లేదో చెప్పదు. అందుకే రక్తంలో వైరస్ డీఎన్ఏ ఎంత ఉందో పీసీఆర్ ద్వారా కొలుస్తారు. యంత్రం ఆ డీఎన్ఏను ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెంచుకుంటూ పోతుంది. ఎన్ని చుట్లకు వెలుగు కనిపించిందో దాన్నిబట్టి మొదట ఎంత ఉందో లెక్క కడతారు. అలా పెంచడానికి వాడే నాలుగు ఇటుకలూ మూడేసి ఫాస్ఫేట్లున్న ఏటీపీ తోబుట్టువులే. ఆ కుర్రాడి నమూనాలో బీకే వైరస్ బాగా ఎక్కువగా తేలింది. రక్తంతో పాటు బయాప్సీ చూసి డాక్టర్లు మందు తగ్గించారు. నేను ప్రాజెక్టు ముగించి వచ్చేనాటికి క్రియాటినిన్ పెరగడం ఆగింది. బయట బెంచీ మీద కూర్చున్న ఆ తల్లికి లోపల గొట్టాలు పట్టుకుని నిలబడ్డ మా మొహాలు తెలియవు. తెలియనక్కరలేదు కూడా.

సుబ్బారావు గారు వైరస్‌లను పరీక్షించలేదు, కిడ్నీ మార్పిడి చూడలేదు. కానీ చికిత్సకు ముందు కొలత ఉండాలని, ఆ కొలత నిజాయితీగా ఉండాలని ఆయన జీవితం నేర్పుతుంది. నేను ఆ లేబరేటరీలో చేసింది కూడా ఆ పనే.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. ఆయన పేదరికం, మన పేదరికం ఒకటి కాదు. ఆయనకు చదువుకున్న కుటుంబం ఉంది, డబ్బు సమకూర్చిన మామగారు ఉన్నారు, సాయం చేస్తామన్న ధర్మసంస్థ ఉంది. మనలో చాలామందికి అవేవీ లేవు. మనకున్నది ఈ హాస్టల్. మూడు పూటలా భోజనం, ఒక ట్రంకు పెట్టె పట్టే చోటు, తప్పితే మళ్లీ రాయమని చెప్పే ఒక అన్న. ఆ సాయం చిన్నది కాదు.

తమ్ముళ్లారా! డాక్టరు సీటు రాలేదని ఎవరూ కుంగిపోవద్దు. ఎంఎల్‌టీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ చదువులు కూడా రోగి ప్రాణం కాపాడేవే. ఈ ఏడు పరీక్ష తప్పినవారు ఎవరైనా ఉంటే సెలవుల్లో నన్ను కలవండి. సప్లిమెంటరీ ఫీజు గడువు తేదీలు నా దగ్గర రాసి ఉన్నాయి.