టోల్‌గేటు దగ్గర పుట్టిన ఆలోచన

మీ అమ్మాయో అబ్బాయో జావా పుస్తకం తెచ్చి, ఇంటర్‌ఫేస్ అంటే ఏమిటని అడిగితే కంగారు పడకండి. క్రిస్టెన్ నీగార్డ్ కథ చెప్పండి.

ఆయన 1926లో నార్వే రాజధాని ఓస్లోలో పుట్టారు. 1948లో రక్షణ పరిశోధన సంస్థలో చేరి, దేశపు మొదటి అణు రియాక్టరు కోసం లెక్కలు వేశారు. కంప్యూటరు లేదు, అంతా చేతిలెక్కే! 1960లో నార్వే కంప్యూటింగ్ సెంటర్‌కు మారారు. అక్కడ ఓలె-యోహాన్ డాల్‌తో కలిసి సిమ్యులా అనే కంప్యూటరు భాషను తయారుచేశారు. క్యూలు, ఫ్యాక్టరీలు ఎలా నడుస్తాయో ముందే కంప్యూటరులో నడిపి చూడటానికి పుట్టిన భాష అది.

1966 చివర్లో వాళ్లు పట్టుకున్న ఉదాహరణ చూడండి. ఒక వంతెన, దానికో టోల్‌గేటు, గేటు ముందు లారీలు, బస్సులు కలిసిన క్యూ. లారీకి సరుకు బరువు ఉంటుంది, బస్సుకు ప్రయాణికులు ఉంటారు. ఒక్కోదానికి వేరే క్యూ రాస్తూపోతే, రేపు వ్యాను వస్తే మళ్లీ మొదటికే. అందుకని ముందు 'వాహనం' అని ఒక క్లాసు రాసి, లారీని, బస్సును దాని మీద కట్టారు. క్యూకు వచ్చింది వాహనమని తెలిస్తే చాలు. టోలు ఎంత అని గేటు అందరినీ ఒకే ప్రశ్న అడుగుతుంది, లెక్క మాత్రం ఎవరిది వారే కట్టుకుంటారు. సిమ్యులా 67లో ఈ ఏర్పాటు ఉంది. జావా ఇంటర్‌ఫేస్ ఇంకో అడుగు వేసింది. అది ప్రశ్నను మాత్రమే రాసిపెడుతుంది. జవాబు చెప్పగలిగితే వాహనం కాకపోయినా పర్వాలేదు, సంతకు తోలుకెళ్లే గొర్రెల మందైనా క్యూలో నిలబడవచ్చు.

నాకైతే ఆయన తర్వాత చేసిన పని ఇంకా నచ్చుతుంది. ఫ్యాక్టరీల్లోకి కంప్యూటర్లు వస్తే అక్కడ పనిచేసేవాళ్ల మాటేమిటన్న ఆలోచన ఆయన్ను పట్టుకుంది. 1970ల మొదట్లో నార్వే ఇనుము, లోహ కార్మికుల సంఘంతో కలిసి పనిచేశారు. కొత్త యంత్రాలను కార్మికులు అర్థం చేసుకోవాలి, వాటి గురించి తమ మాట చెప్పగలగాలి అన్నది ఆయన పట్టుదల. లారీ చోట బస్సును నిలబెట్టడం నేర్పిన మనిషే, మనుషుల దగ్గరికి వచ్చేసరికి ముందు వాళ్లను అడగండి అన్నారన్నమాట.

2001 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు ఇద్దరికీ కలిపి వచ్చింది. డాల్ 2002 జూన్ 29న కన్నుమూశారు. సరిగ్గా ఆరు వారాలకు, ఆగస్టు 10న, నీగార్డ్ కూడా వెళ్లిపోయారు.