బావి తవ్విన బ్రహ్మంగారిని మరిచిపోతే ఎట్లబ్బా?

యాడన్నా వరదొచ్చినా, కొత్త రోగమొచ్చినా మన పిల్లోళ్ల ఫోన్లు మోగుతాయి. బ్రహ్మంగారు అప్పుడే చెప్పినారంట అని ఒకరు పంపితే వంద మంది పంచుతారు. కరోనా అప్పుడైతే ఇంక చెప్పబళ్ల్యా. సరే, ఆయప్ప చెప్పింది అట్లుండనీ, బతికింది ఎట్ల? అది ఎవురూ పంపరు. అందుకే నేను చెప్తాండా.

పోతులూరి వీరబ్రహ్మం 1608లో పుట్టినారని, 1693లో సజీవ సమాధి అయినారని చెప్తారు. కన్నోళ్లు దూరమైతే పాపఘ్ని మఠంలో వీరభోజయాచార్యులు, వీరపాపమాంబ సాకినారు. మీసాలు రాకముందే ఇల్లిడిసి దేశం మింద పడినారు. తిరిగి తిరిగి బనగానపల్లె చేరి, గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట్లో గొడ్లు కాసే పనికి కుదిరినారు.

అసలు కథ ఈడ మొదలైతాది. రవ్వలకొండ కాడ గొడ్ల చుట్టూ గీత గీసి, గుహలో కూర్చోని తాటాకుల మింద రాసుకుంటా ఉండేవారంట. గొడ్లు గీత దాటేటివి కావంట, అడివి మృగం లోపలికొచ్చేది కాదంట. హారీ పోటర్ చూసి నోరెళ్లబెడతాం గానీ, అట్లాంటి సాహసం మన కొండలోనే ఉండాది. నాకైతే ఆ గీతలో మాయకన్నా బుద్ధి ఎక్కువ కనపడతాది. గొడ్లకు మేత దక్కాల, అడివికి అడివి మిగలాల, ఒగరి హద్దు ఇంకొగరు మింగకూడదు. రాసిన ఆకులను పాతరేసి పైన చింతచెట్టు నాటినారంటారు. చదువుకు చెట్టును కాపలా పెట్టిన ఊహ ఎంత గొప్పదో చూడండి.

ఆ తర్వాత కందిమల్లాయపల్లె. అదే ఇప్పటి బ్రహ్మంగారిమఠం. ఈడ వడ్రంగం, కమ్మరం చేస్కోని బతికినారు. జింక కొమ్ముతో ఇంట్లో బావి తవ్వినారని చెప్పి, ఆ బావిని ఇప్పటికీ చూపిస్తారు. మఠానికి పోయినప్పుడల్లా నేను ముందు ఆ బావి కాడికే పోతా. కరువు సీమలో నీళ్లు చూపించినోడే కదా సిద్ధుడు.

శిష్యులు ఎవురు? దూదేకుల ఇంటి సిద్దయ్య, మాదిగ ఇంటి కక్కయ్య. సిద్దయ్య తల్లిదండ్రులు నవాబు దాకా పోయినా ఆ పిల్లోడు వెనక్కి రాలేదంటారు. సమాధి రోజు గురువు అతన్ని పూల కోసం బనగానపల్లెకు పంపినారు. వచ్చేసరికి అంతా అయిపోయింది. సమాధి కాడ తల బాదుకోని ఏడ్చిన సిద్దయ్యకే గురువు దండం, పాదుకలు దక్కినాయని కథ. కులం పేరుతోనో మతం పేరుతోనో మీ ఊర్లో ఎవురన్నా గీత గీస్తే, ఈ కథ చెప్పండి.

మఠం పక్కనే తెలుగుగంగ బ్రహ్మంసాగర్ ఉండాది. 17 టీఎంసీలకు పైగా పట్టే జలాశయానికి ఆయప్ప పేరు పెట్టుకున్నాం. ఇంకో పక్క వంకల్లో ఇసక తోడేస్తాండారు, బోర్లు వందల అడుగులు దిగినా తడి తగల్లేదు. లోకం మునిగిపోతాదని మెసేజ్ పంపేదానికి ఒక నిమిషం చాలు. మీ ఊరి చెరువులో పూడిక ఎంతుందో, వంక ఎవురు పూడ్చినారో తెలుసుకునేదానికి ఒక పొద్దు పడతాది. వానలకు ముందే పది మంది కలిసి పోయి చూడండి. గ్రామసభలో లేసి అడగండి.