రాజుగారి కుంచె నుంచి మన గోడ మీదికి: రవివర్మ జీవితం

తామరపువ్వులో నిలబడి, నిండుగా చీర కట్టుకుని, వెనకాల ఏనుగుతో ఉండే లక్ష్మీదేవి పటం మన ఇళ్లల్లో ఎవరికి తెలియదు? ఇల్లు షోలాపూర్‌లో ఉన్నా, సేలంలో ఉన్నా, బరంపురంలో ఉన్నా పూజగదిలో ఆ రూపమే. అమ్మవారంటే ఇలాగే ఉంటుందని మనం అనుకుంటాం. కానీ ఆ రూపాన్ని ఇంటింటికీ చేర్చిన మనిషి ఒకాయన ఉన్నారు. ఆయనే రాజా రవివర్మ.

రవివర్మ 1848 ఏప్రిల్ 29న తిరువాన్కూరు సంస్థానంలోని కిళిమానూరులో పుట్టారు. పేరులో రాజా ఉన్నా రాజ్యం ఏలినవారు కాదు. రాజకుటుంబంతో వియ్యం అందుకునే ఇల్లు వాళ్లది. చిన్నప్పుడు ఇంటి గోడల మీద బొగ్గుతో బొమ్మలు గీసేవారని చెబుతారు. మేనమామ రాజరాజవర్మ ఆ చేతివాటం చూసి తిరువనంతపురం కోటకు తీసుకెళ్లారు.

అప్పట్లో తైలవర్ణాల పని మన దేశానికి కొత్త. ఆ గుట్టు తెలిసినవాళ్లు ఇంకొకరికి చెప్పేవారు కాదు. కోటకు వచ్చిన థియోడర్ జెన్సన్ అనే విదేశీ చిత్రకారుడు బొమ్మ వేస్తుంటే చూస్తూ, సొంతంగా కుస్తీ పడుతూ రవివర్మ పని పట్టుకున్నారు. 1873లో మద్రాసు ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. అదే ఏడాది వియన్నా నుంచి కూడా బహుమతి వచ్చింది. ఇక సంస్థానాలన్నీ ఆయన కోసం కబురు పెట్టడం మొదలుపెట్టాయి.

బరోడా మహారాజు పురాణకథల మీద 14 చిత్రాలు వేయమన్నప్పుడు పెద్ద చిక్కు వచ్చిపడింది. దమయంతికి, సీతకు, శకుంతలకు ఏం కట్టాలి? అందరూ మనవాళ్లే అనుకునే కట్టు ఏది? తమ్ముడితో కలిసి ఉత్తరాదంతా తిరిగి చూశారు. ఒక్కో ఊళ్లో ఒక్కో కట్టు. చివరికి చీరనే ఎంచుకున్నారు. జరీ అంచు, కొంగు మడత, పట్టు మెరుపు ఇవన్నీ నేతగాడి కంటితో చూసినట్టే వేశారు. మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో ఉన్న సంగీత కళాకారిణుల చిత్రంలో 11 మంది ఆడవాళ్లు ఉంటారు. వాళ్ల కట్టూబొట్టూ వేరువేరు ప్రాంతాలవి. కర్ణాటకలో ఉన్న మనవాళ్లు ఒకసారి వెళ్లి చూడాల్సిన బొమ్మ అది.

రెండు చేతులు ఎన్ని బొమ్మలు వేయగలవు? బొమ్మల్ని అచ్చు వేయిస్తే అందరికీ అందుతాయని దివాన్ మాధవరావు సలహా ఇచ్చారు. 1894లో రవివర్మ బొంబాయిలో ప్రెస్సు పెట్టారు. జర్మనీ నుంచి యంత్రాలు, పనివాళ్లు వచ్చారు. కలంకారీ అద్దకంలో రంగుకో అచ్చు ఉన్నట్టే, ఇక్కడ రంగుకో రాయి. ఒకే కాగితాన్ని ఒక్కో రాయి మీద అద్దుతూ వస్తే బొమ్మ పూర్తయ్యేది.

దాంతో కోటల్లోని బొమ్మ బజారులోకి వచ్చింది. గుడి గడప తొక్కనివ్వని వాళ్ల ఇళ్లకు కూడా దేవుడు పటమై వచ్చాడు. ఆడవాళ్లు ఆ పటాలకు జరీ ముక్కలు, తళుకులు అతికించి మురిసిపోయేవారు.

నేతవాళ్లం గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ బొమ్మలకు నకళ్లు పుట్టుకొచ్చాయి. అగ్గిపెట్టెల మీదికి, క్యాలెండర్ల మీదికి, ఆఖరికి మాంచెస్టర్ మిల్లు గుడ్డ మీద అంటించే మార్కా కాగితాల మీదికి కూడా అవే రూపాలు ఎక్కాయి. మగ్గాన్ని దెబ్బతీసిన గుడ్డ, చీర కట్టిన దేవత బొమ్మతో మన ఊళ్ల అంగళ్లలోకి వచ్చింది!

పేరు పెరిగింది గానీ ప్రెస్సు మాత్రం నిలబడలేదు. ప్లేగు భయంతో దాన్ని లోనావాలా దగ్గరి మళవలికి మార్చారు. అప్పులు మీద పడ్డాయి. చివరికి బొమ్మలు అచ్చు వేసుకునే హక్కులతో సహా జర్మన్ పనివాడు ష్లైషర్‌కి అమ్మేశారు. ఆ తరవాత ఇంకొకరు గీసినవి కూడా రవివర్మ ప్రెస్సు పేరుతోనే అమ్ముడుపోయాయి. పండితులేమో ఇది కళ కాదు, పాశ్చాత్యుల అనుకరణ అన్నారు. జనం ఆ మాట పట్టించుకోలేదు. వెన్నంటి ఉన్న తమ్ముడు 1905లో పోయారు. 1906 అక్టోబరు 2న రవివర్మ కూడా కన్నుమూశారు. ఆ ప్రెస్సు కోసం పని చేసిన దాదాసాహెబ్ ఫాల్కే 1913లో రాజా హరిశ్చంద్ర సినిమా తీశారు. అలా ఆ రూపాలు వెండితెరకూ చేరాయి.

2008లో చెన్నైలో రవివర్మ చిత్రాల్ని పట్టుచీరలో నేయించి సుమారు 40 లక్షల రూపాయల ధర పెట్టారు. చీర మీది బొమ్మ ఎవరిదో దేశమంతా చెప్పగలదు. దాన్ని పోగు పోగూ నేసిన చేతులు ఎవరివో చెప్పగలిగేవాళ్లు ఎంతమంది? రవివర్మకు డబ్బు మిగల్లేదు, హక్కూ మిగల్లేదు. పేరు ఒక్కటే మిగిలింది. పటం మీద ఆ పేరు ఉంది కాబట్టే మిగిలింది. మన పిల్లలు కంప్యూటర్‌లో కొత్త డిజైన్లు గీస్తున్నారు, ఫోన్లలో పెట్టి అమ్ముతున్నారు. మంచిదే. నకలు వేసేవాళ్లు రేపు వీటికీ వేస్తారు. అందుకే డిజైన్ హక్కు చేజారనివ్వకండి. చీర మడత పెట్టే ముందు నేసినవారి పేరు, ఊరు రాసిన చిన్న చీటీ ఒకటి కుట్టండి.